తాళము విప్పు విద్య: పనిముట్ల ఎన్నిక



గ్రంథాలయ రజతోత్సవ సభలో తాళములు విప్పుటను గురించి ఉపన్యాసమేమి యని సభ్యులలో కొందరు చిరునవ్వు నవ్వవచ్చును. పుస్తకముల బీరువాకు తాళము వేయుట గ్రంథాలయమునకు కావలసిన పని గాని, చెవి లేకుండ దానిని తీయుట యెందుకని ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను ఈ విద్యను దొంగతనము కొరకు గాక, చదరంగము వలె వినోదము కొరకును, బుద్ధికి పదును పెట్టుకొనుట కొరకును అభ్యసించువారు పెక్కు దేశములలో నున్నారు. జర్మనీ దేశమున హాంబుర్గు నగరమునందు 1997లో ఇట్టివారు ఒక సంఘముగా నేర్పడిరి. నెదర్లాండ్సులోను, అమెరికాలోను గూడ అట్టి సంఘములు వెలసినవి. వారు కూడుకొని తాళముల లోపలి నిర్మాణమును చర్చింతురు; ఎవరు ముందుగా తాళము తెరతురో యని పోటీలు పెట్టుకొందురు; తెరచిన తాళమును మరల మూసి ప్రక్కవాని చేతికిత్తురు. ఈ వినోదమును చేపట్టదలచినవాడు మొదట ఏ పనిముట్లు సమకూర్చుకొనవలెను, ఏ తాళములపై సాధన చేయవలెను, ఏ తాళముల జోలికి పోరాదు అనునదే ఈ ప్రసంగ విషయము.

ఇట్టి విద్యను పదిమందిలో చెప్పవచ్చునా యను సందేహము క్రొత్తది కాదు. జోసెఫ్ బ్రామా యను ఆంగ్లేయ యంత్రశిల్పి 1784లో ఒక తాళమునకు ప్రత్యేకహక్కు పొందెను. తరువాత తన దుకాణపు కిటికీలో ఒక తాళమునుంచి, దానిని తెరచు పనిముట్టు చేయగలవానికి 200 గినీలు బహుమానమని పలక వ్రాయించి పెట్టెను. 60 సంవత్సరములు గడచినను ఆ సొమ్ము నెవరును పొందలేకపోయిరి. జెరిమయా చబ్ అనునతడు 1818లో మరియొక తాళము నిర్మించెను. పరాయివాడు దానిని తెరవజూచినచో లోపలి మీట యొకటి చిక్కుకొని, ఎవరో చేయి పెట్టిరను సంగతిని యజమానికి తెలియజేయును. ఈ రెండు తాళములను నమ్ముకొని లండను నగరపు ధనికులు నిశ్చింతగా నిదురించుచుండిరి.

1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునకు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అను అమెరికా దేశపు తాళముల నిపుణుడు వచ్చెను. అతడు చబ్ తాళమును సాక్షుల యెదుట 25 నిమిషములలో తెరచెను. తరువాత బ్రామా తాళమునకు పూనుకొని, 16 దినములలో మొత్తము 51 గంటలు శ్రమించి దానిని గూడ తెరచి, 200 గినీలను గైకొనెను. దేశమంతట కలకలము రేగెను. ఇట్టి రహస్యములను బయలుపెట్టుట దొంగలకు పాఠము చెప్పుటయే యని కొందరు ఆక్షేపించిరి. దానికి హాబ్సు పక్షమువారి సమాధానము మిక్కిలి సూటియైనది. దొంగ తన వృత్తిలో ముందే ఆరితేరియున్నాడు. అతనికి నేర్పవలసినదేమియు లేదు. తాళములోని లోపము తెలియనివాడు గృహస్థుడు ఒక్కడే. ఆ లోపమును దాచినచో నష్టపోవువాడును అతడే. ఆ వివాదము వలన తాళములు చెడిపోలేదు. తయారుచేయువారు మేలుకొని, మరింత గట్టి తాళములు చేయసాగిరి. తెలిసికొనుట తప్పు కాదు. తెలిసినదానిని ఎక్కడ వాడుదుమనుటలోనే తప్పొప్పులున్నవి. పనిముట్ల ఎన్నికయు, తాళముల ఎన్నికయు ఈ దృష్టితోనే సాగవలెను.

పనిముట్టు ఎన్నుకొనుటకు ముందు తాళము లోపల ఏమున్నదో తెలియవలెను. నేడు లోకమున విరివిగా వాడుకలోనున్నది పిన్నుల తాళము. దీని మూలసూత్రము ప్రాచీన ఈజిప్టు దేశపు కొయ్యతాళములలోనే కలదు. దానిని లోహమున, అరచేతిలో ఇముడునంత చిన్నదిగా తీర్చి, 1861లోను 1865లోను ప్రత్యేకహక్కులు పొందినవాడు అమెరికా దేశస్థుడైన లైనస్ యేల్. ఇత్తడి దిమ్మెకు గుండ్రని రంధ్రము తొలిచి, అందు తిరుగునట్లు ఒక ఇత్తడి కండెను అమర్తురు. చెవి దూరు సందు ఆ కండెలోనే యుండును. దిమ్మె నుండి కండెలోనికి నిలువుగా నాలుగైదు సన్నని బెజ్జములుండును. ఒక్కొక్క బెజ్జములో రెండేసి పిన్నులు ఒకదానిపై నొకటి నిలిచియుండగా, వానిని చిన్న స్ప్రింగు క్రిందికి నొక్కుచుండును. చెవి లేనపుడు పై పిన్నులు కొంత దిమ్మెలోను, కొంత కండెలోను నిలిచి కండెను తిరుగనీయవు. సరియైన చెవి దూర్చినపుడు దాని పండ్లు పిన్నులను తగిన యెత్తునకు లేపును, రెండు పిన్నుల నడిమి అతుకు సరిగా కండె అంచునకు వచ్చును, కండె తిరుగును.

మరి చెవి లేకుండ ఇది తిరుగుట ఎట్లు? తొలుచు యంత్రమెంత మంచిదైనను బెజ్జములన్నియు వెండ్రుకవాసి తేడా లేకుండ ఒకే గీతపై పడవు. అందుచేత కండెను మెల్లగా తిప్పబోయినపుడు పిన్నులన్నియు ఒక్కసారిగా బిగియవు. ఏదో యొకటి ముందుగా బిగియును. దానిని సన్నని పుడకతో పైకి లేపినచో అది అంచునకు చేరి, చెవికి వినీ వినబడని చప్పుడుతో నిలుచును. కండె రవ్వంత కదలును. అపుడు మరియొక పిన్ను బిగియును. ఈ విధముగ ఒకటి తరువాత ఒకటిగా అన్నిటిని నిలుపుటయే ఈ విద్య. ఇందు బలమునకు చోటు లేదు. కన్నునకు కనబడునదియు లేదు, వ్రేలికొసలే కన్నులు.

కనుక కావలసిన పనిముట్లు రెండు జాతులు. మొదటిది కండెను తిప్పు కమ్మి. రెండవది పిన్నులను లేపు పుడక. క్రొత్తవారందరు పుడకపైననే మోజుపడి, కమ్మిని లెక్కచేయరు. అనుభవజ్ఞులు చెప్పునది దీనికి వ్యతిరేకము. తాళమును తెరచునది కమ్మి. పుడక దానికి సాయము మాత్రమే. కమ్మిపై వత్తిడి ఎక్కువైనచో పిన్నులన్నియు బిగిసిపోయి ఏది ముందో తెలియదు. తక్కువైనచో లేపిన పిన్నులు మరల జారిపడును. పండిన దోసపండును నొక్కి చూచునంతటి వత్తిడి చాలును. సందు అడుగున నిలుచు కమ్మియొకటి, సందు పైభాగమున నిలుచు బల్లపరుపు కమ్మియొకటి యుండుట మంచిది. పైభాగమున నిలుచునది పుడక కదలుటకు చోటు విడుచును గనుక ఇరుకైన సందులకు అనుకూలము.

పుడకలలో రూపములు పెక్కు కలవు. కొన వంగిన పొట్టి కొక్కెపు పుడక అన్నిటికంటె ముఖ్యము. ఒక్కొక్క పిన్నును విడివిడిగా తాకుటకు ఇది కావలెను. కొక్కెము కొంచెము పొడవైన పుడక మరియొకటి యున్నచో లోపలి పిన్నులను అందుకొనవచ్చును. అలలవలె మిట్టపల్లములు గల పుడక మూడవది. దానిని లోనికి దూర్చి ముందువెనుకలకు ఆడించినచో సులభమైన తాళములు తెరచుకొనును. అయితే ఈ మూడవదానితో తెరచిన తాళము నేర్పునది స్వల్పము. ఏ పిన్ను ఎప్పుడు నిలిచెనో తెలియకయే తాళము తెరచుకొనును. ఉత్సాహము కొరకు దానిని వాడవచ్చును గాని విద్య కొక్కెపు పుడకతోనే వచ్చును.

ముప్పది నలువది పుడకలు వరుసగా పేర్చిన సంచులు అంగళ్ళలో అమ్ముదురు. అవి చూచుటకు వైద్యుని పెట్టెవలె సొంపుగా నుండును. కాని వానిలో మూడు వంతులు సంచి దాటి బయటికి రావు. పైగా చవుక సంచులలోని పుడకలు మెత్తని రేకుతో చేయబడి, రెండవనాడే వంగిపోవును. మంచి ఉక్కుతో చేసిన రెండు మూడు పుడకలు, రెండు మూడు కమ్మీలు చాలును. కొనుటకు ముందు నాలుగు గుణములు చూడవలెను. పుడక కొంచెము వంచి విడిచినచో తిరిగి నిటారుగా రావలెను. అంచులు నునుపుగా నుండవలెను. గరుకు అంచు పిన్నులను గీయుటయే గాక, వ్రేళ్ళకు తెలియవలసిన సూక్ష్మమైన కదలికను మరుగుపరచును. పిడి చేతిలో హాయిగా నిలువవలెను. నాల్గవది మందము. వెడల్పైన సందులకు మిల్లీమీటరులో 6 పదవ వంతుల మందము గల పుడక బలముగా నుండును. ఐరోపా దేశపు తాళములలో పెక్కింటికి సందులు ఇరుకైనవి, వంకరయైనవి. వానికి మిల్లీమీటరులో 4 పదవ వంతుల మందము గల పుడక కావలెను. రెండు మందములలోను కొక్కెపు పుడక యుంచుకొనుట తెలివైన పని.

కొనుటకంటె స్వయముగా చేసికొనుటయందు ఆనందించువారును కలరు. ఇనుము కోయు రంపపు బ్లేడు అరిగిపోయినపుడు దానిని పారవేయక, ఆకురాయితో అరగదీసి కొక్కెపు పుడకగా మలచుకొందురు. ఇందు ఒక జాగ్రత్త కలదు. సానరాతిపై అదేపనిగా అరగదీసినచో ఉక్కు వేడెక్కి నీలివన్నెకు తిరిగి, పొగరు కోల్పోయి మెత్తబడును. మాటిమాటికి నీటిలో ముంచుచు పని సాగింపవలెను. కొడవళ్ళు సానపట్టు కమ్మరికి ఈ సంగతి చెప్పనక్కరలేదు.

ఇక సాధనకు తాళమెట్టిది? ఇచ్చటనే పెక్కుమంది పొరపడుదురు. లోపలి పిన్నులు కనబడునట్లు గాజువంటి ప్లాస్టిక్కుతో చేసిన తాళములు కలవు. తాళము పనిచేయు తీరును కన్నులార చూచుటకు అవి మంచివి. పిల్లలకు చూపుటకు మరియు మంచివి. కాని వాని బెజ్జములు వదులుగా నుండుటచే నిజమైన తాళపు స్పర్శ వానివలన తెలియదు. అంతకంటె ముఖ్యము, వానిని చూచి తెరచువాడు కన్నులతో నేర్చుకొనును గాని వ్రేళ్ళతో నేర్చుకొనడు. ఒక దినము చూచి, ప్రక్కకు పెట్టవలెను.

అన్నిటికంటె ఉత్తమమైనది పిన్నులను విప్పి మరల అమర్చుకొనుటకు వీలైన తాళము. మొదట ఒకే బెజ్జములో పిన్నులనుంచి, మిగిలినవి ఖాళీగా విడువవలెను. అది తెరచుట చేతనైన పిమ్మట రెండు, తరువాత మూడు, ఇట్లు పెంచుకొనుచు పోవలెను. అక్షరములు దిద్దినవాడే గుణింతమునకు, గుణింతము వచ్చినవాడే వాక్యమునకు పోవునట్లు ఇదియు ఓనమాలతోనే మొదలు. అట్టి తాళము దొరకనపుడు నాలుగు పిన్నుల చవుకైన ఇత్తడి కప్ప చాలును. అమెరికాలో ఉక్కురేకులను పొరలు పొరలుగా పేర్చి చేసిన కప్పలు 1920ల నుండి ప్రసిద్ధములు. అచ్చటి క్రొత్తవారిలో పెక్కుమంది వానితోనే మొదలుపెట్టుదురు.

అంగడిలో కప్పను ఎన్నుకొనునపుడు కప్పను గాక దాని చెవిని చూడవలెను. చెవి పండ్లు ఇంచుమించు ఒకే యెత్తున నున్నచో ఆ కప్ప క్రొత్తవానికి తగినది. ఒక పల్లము మిక్కిలి లోతుగను, దాని ప్రక్కది మిక్కిలి ఎత్తుగను ఉన్నచో, ఒక పిన్నును లేపబోయి ప్రక్కదానిని చెడగొట్టుట జరుగును. అది రెండవ తరగతి పాఠము. మూడవ తరగతి పాఠము ఢమరుకమువలె నడుము సన్నగిలిన పిన్నులు గల తాళము. తెరవజూచువానిని మోసపుచ్చుటకే వానిని చేసిరి. కండె కొంత తిరిగి, తాళము తెరచుకొన్నట్లే తోచి, నడుమ ఆగిపోవును. అపుడు బలము చూపినవాడు ఓడును. కమ్మిపై వత్తిడిని కొంచెము సడలించి, ఓరిమితో మరల లేపినవాడు గెలుచును.

భారతదేశపు అంగళ్ళలో కొనువారు మరియొక సంగతి గమనింపవలెను. ఇచ్చటి కప్పలలో పెక్కింటిపై 6 లీవర్లు, 7 లీవర్లు అని చెక్కియుండును. ఇవి పిన్నుల తాళములు కావు. వీనిలో రేకు మీటలు దొంతరగా పేర్చియుండును. ఒక్కొక్క మీటను తక్కువ గాని ఎక్కువ గాని కాకుండ తగినంతయే లేపవలెను. ఈ పద్ధతికి 1778లో ఇంగ్లండున రాబర్ట్ బ్యారన్ ప్రత్యేకహక్కు పొందెను. పైన చెప్పిన పుడకలు వీనికి పనికిరావు. వేరు విధమైన పనిముట్టు కావలెను. ఈ భేదము తెలియక లీవర్ల కప్పతో మొదలుపెట్టి, నెల దినములు కుస్తీపట్టి, విద్యయే అబద్ధమని విడిచినవారు కలరు. ఉత్తరప్రదేశములోని అలీగఢ్, తమిళనాడులోని దిండిగల్ తాళములకు పేరొందిన ఊళ్ళు. దిండిగల్ తాళములకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. మామిడికాయ రూపున చేతితో చేయు తాళము అచ్చటి ప్రత్యేకత. చేయి తిరిగిన పిమ్మట ఇట్టివానిని సేకరించి, విప్పి చూచి, ఆ పనివారి నేర్పును మెచ్చుకొనుట మిక్కిలి ఆనందకరము.

పనిముట్లు కుదిరినవి, తాళము కుదిరినది. ఇక ఎన్నికలలోకెల్ల పెద్ద ఎన్నిక మిగిలినది. తాళప్రియుల సంఘములన్నియు రెండు నియమములను శిరసావహించును. తనది కాని తాళమును యజమాని అనుమతి లేక ముట్టరాదు. వాడుకలోనున్న తాళమును, అది తనదైనను, సాధనకు పెట్టుకొనరాదు. మొదటి నియమమునకు కారణము చెప్పనక్కరలేదు. రెండవదానికి కారణము అనుభవము. సాధనలో పిన్నులు అరగును, స్ప్రింగులు వంగును, ఒక్కొకప్పుడు కండె నడుమ బిగిసిపోవును. వీధి తలుపు తాళముపై సాధన చేసినవాడు అర్ధరాత్రి ఇల్లాలిని, బిడ్డలను అరుగుపై కూర్చుండబెట్టవలసి వచ్చును. చట్టము మాటయు మరువరాదు. జపానులో తగిన కారణము లేక ఇట్టి పనిముట్లు కలిగియుండుటను 2003లో చేసిన చట్టము నిషేధించినది. ఏ దేశమునందైనను పుడకలను జేబులో పెట్టుకొని వీధులు తిరుగుట వివేకము కాదు. వాని చోటు ఇంటిలోని బల్లపైన, పదిమంది చూచునట్లు.

శూద్రకుని మృచ్ఛకటికమున శర్విలకుడు ఈ సందర్భమున జ్ఞప్తికి రాదగినవాడు. అతడు విద్యావంతుడు, కన్నము వేయుటను ఒక శాస్త్రముగా అభ్యసించినవాడు. గోడకు ఏ ఆకారమున కన్నము వేయవలెనో తర్కించి, తన యజ్ఞోపవీతముతో కొలత పెట్టును. అతని నేర్పునకు లోపమేమియు లేదు. కాని అతడు దొంగిలించినది చారుదత్తుని సొత్తు కాదు. నమ్మి దాచుకొనుమని వసంతసేన యిచ్చిన నగలు. పోయినది బంగారమని శర్విలకుడనుకొనెను. నిజమునకు పోబోయినది చారుదత్తుని మాట. ఒక ఊరిలో తాళము కాపాడునది కూడ ఇట్టి మాటనే. ఊరివారు ఒకరి గడప ఒకరు దాటకుండుటకు కప్ప బరువు కారణము కాదు. పరస్పర విశ్వాసమే కారణము. నేర్చినవాడు ఆ విశ్వాసమును ఒక్కసారి చెరచినచో, ఏ పుడకయు దానిని మరల నిలుపజాలదు.

నియమముల ననుసరించి నేర్చినవానికి కలుగు లాభము తక్కువది కాదు. అతడు కప్పను బరువు చూచి కొనడు. లోపల ఏ రకపు పిన్నులున్నవో అడిగి కొనును. గట్టి కప్పను పుచ్చిన తలుపునకు, వదులైన గొళ్ళెమునకు తగిలించుట వ్యర్థమని తెలిసికొనును. ఆ మాటకు అమెరికా శాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఫైన్‌మన్ తన జ్ఞాపకములలో చెప్పిన కథ యొకటి కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అణ్వస్త్ర రహస్యములున్న అంకెల తాళపు పెట్టెలను అతడు సులువుగా తెరచెడివాడు. పెట్టె తెరచియున్నపుడు దాని అంకెలను పసికట్టవచ్చును గనుక, పనిచేయునపుడు గూడ దానిని మూసియుంచవలెనని ఒక సైన్యాధికారికి తెరచి చూపి చెప్పెను. ఆ అధికారి చేసినదేమి? ఫైన్‌మన్ ఎవరెవరి గదులకు వచ్చెనో విచారించి, వారందరిని అంకెలు మార్చుకొనుడని ఆజ్ఞాపించెను. లోపమును చెప్పినవానిని దూరముంచెను. లోపమును మాత్రము యథాతథముగా విడిచెను. తాళము వేసితిని, గొళ్ళెము మరచితిని అన్న సామెత ఇట్టివారి కొరకే పుట్టియుండును. బ్రామా కిటికీ ముందు హాబ్సు నిలిచిన నాటినుండి ఈ పాఠము ఒక్కటే. చెప్పినవానిపై కోపగించుటకంటె చెప్పినదానిని సవరించుకొనుట మేలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. గ్రంథాలయము మూసిన వానిని తెరచు చోటు. ఒకప్పుడు కొందరి పెట్టెలలో నున్న చదువును ఊరందరికి విప్పి పెట్టుటయే దాని పుట్టుకకు కారణము. అయినను ఇచ్చటి పుస్తకము ఇంటికి పోవునది తాళము బలమున కాదు. చందాదారుని సంతకము బలమున. తిరిగి వచ్చునదియు ఆ సంతకపు మర్యాద వలననే. విద్య తెరచియుండవలెను, విశ్వాసము చెదరకుండవలెను. ఈ రెండును తెలిసిన చేతికి మూడు పుడకలు, ఒక చిన్న ఇత్తడి కప్ప చాలును; సాయంకాలములు సుఖముగ గడచును, బుద్ధి పదునెక్కును, ఇరుగుపొరుగు నిశ్చింతగా నిదురించును. ఈ గ్రంథాలయము తన తలుపులను ఇట్లే తెరచియుంచి, స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక.